పేరు కాదు, కొలత చెప్పండి

"ఇంత చదువు చదివి మీకీ మసి పనులేమిటండీ?"

మొన్న ఉగాదికి మా ఊరి తెలుగువాళ్లమంతా ఒకచోట చేరినప్పుడు ఒక పెద్దమనిషి నన్నడిగిన ప్రశ్న ఇది. మా ఊరంటే ఇప్పుడు నేనుంటున్న ఊరు, అమెరికాలో ఇండియానా రాష్ట్రపు ఉత్తరపు కొస. ఆయనను కలవరపెట్టింది నా గోళ్ల సందుల్లోని నలుపు. గేరునూనె మరక ఎంత తోమినా ఒక పట్టాన వదలదు. ఆయన మాటలో ఎగతాళి లేదు, నిజమైన ఆందోళనే ఉంది. "చూసేవాళ్లు ఏమనుకుంటారు? ఆ పనేదో చేసేవాళ్లకు పడేస్తే పోలా?" అని కూడా అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నలో ఉన్న తిరస్కారం ఆయన ఒక్కరిది కాదు. మా ఇంట్లోనూ పుట్టింది, మా కళాశాలలోనూ పెరిగింది, చాలాకాలం నాలోనూ ఉంది. అందుచేత దీనికి జవాబు చెప్పవలసిన బాధ్యత నాకుందనిపించి ఇది రాస్తున్నాను.

ముందు మసి సంగతి.

నా దగ్గర 1950 నాటి స్టూడెబేకర్ అరటన్ను ట్రక్కు ఒకటి ఉంది. స్టూడెబేకర్ సోదరులు 1852లో ఇక్కడి సౌత్ బెండ్ పట్టణంలో కమ్మరి కొలిమి పెట్టుకుని బండ్లు చేసినవారు. గుర్రపుబండ్ల నుంచి మోటారు బండ్లకు ఎదిగిన సంస్థ వారిది. 1963 డిసెంబరులో సౌత్ బెండ్‌లో ఉత్పత్తి ఆగిపోయింది, 1966లో కెనడాలోని శాఖ కూడా మూతపడింది. ఇరుగుపొరుగున ఉన్న ఒక వృద్ధ రైతు పొలం అమ్ముకుని పోతూ ఆ ట్రక్కును నాకిచ్చారు. ఇంజను బాగానే ఉంది. గేర్‌బాక్సు వెనుక భాగం మాత్రం నూనె కారుస్తూ ఉండేది. కింద పరిచిన అట్టముక్క మీద రోజూ తెల్లారేసరికి అరచేయంత మరక.

కారుతున్నది ఓవర్‌డ్రైవ్ అనే భాగం. అదేమిటో కొంచెం చెప్పకపోతే ముందుకు పోలేను. ఆ ట్రక్కుకు ఉన్నవి మూడు గేర్లే. బరువు లాగడానికి అనువుగా అమర్చినవి కాబట్టి ఖాళీ రోడ్డు మీద కాస్త వేగంగా పోదామంటే ఇంజను గోలపెడుతుంది. అందుకని గేర్‌బాక్సు వెనుక మరొక చిన్న పెట్టె బిగించారు. దాని నడుమ ఒక సూర్య గేరు, చుట్టూ గ్రహ గేర్లు, వాటన్నిటినీ చుట్టి కంకణం వంటి మరొక గేరు. ఇంజను శక్తి గ్రహ గేర్ల చట్రాన్ని తిప్పుతుంది. సూర్యుణ్ణి కదలకుండా పట్టుకుంటే కంకణం ఆ చట్రం కంటే వేగంగా తిరుగుతుంది. వెనక్కిపోయే ఇరుసు వంద చుట్లు తిరగడానికి ఇంజను సుమారు డెబ్బయి చుట్లు తిరిగితే చాలు. చప్పుడు తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది.

సూర్యుణ్ణి పట్టుకునేది ఒక ఇనుప నాలుక. దాన్ని ముందుకు తోసేది విద్యుత్తుతో పనిచేసే సోలినాయిడ్. వేగం గంటకు ముప్పై మైళ్ల దరిదాపులకు వచ్చాక గవర్నర్ అనే పరికరం కరెంటు కలుపుతుంది. డ్రైవరు యాక్సిలరేటర్ మీది నుంచి ఒక్క క్షణం కాలెత్తితే నాలుక గాడిలో పడుతుంది. ఓవర్‌డ్రైవ్ పనిచేయని వేళ శక్తిని నేరుగా పంపడానికి సైకిలు వెనుక చక్రంలో ఉన్నట్టే ఒక ఫ్రీవీలు ఉంటుంది. బోర్గ్-వార్నర్ సంస్థ ఓవర్‌డ్రైవ్ 1934లోనే క్రైస్లర్ ఎయిర్‌ఫ్లో కార్లలో వచ్చింది. సోలినాయిడ్ పద్ధతి తరువాతి మెరుగు. నా ట్రక్కులోనిదీ ఆ సంస్థదే. వారి గేర్ల కర్మాగారం ఇదే రాష్ట్రంలోని మన్సీ పట్టణంలో ఉండేది, 2009లో మూసివేశారు.

అంటే ట్రక్కు చేసిన కంపెనీ లేదు, గేర్‌బాక్సు చేసిన కర్మాగారమూ లేదు. నాకు కావలసిందల్లా ఇరుసు బయటికి వచ్చే చోట నూనెను ఆపే ఒక ఆయిల్ సీలు, లోపలి మీటకూ సోలినాయిడ్‌కూ చెరొక చిన్న సీలు.

వాహన విడిభాగాల దుకాణానికి పోయాను. కౌంటరు వెనుక ఉన్న కుర్రవాడు ఎంతో మర్యాదగా "ఏ సంవత్సరం? ఏ కంపెనీ? ఏ మోడల్?" అని వరుసగా అడిగాడు. చెప్పాను. అతని కంప్యూటర్ తెరమీది కంపెనీల జాబితాలో స్టూడెబేకర్ లేదు. కిందికీ పైకీ రెండుసార్లు వెతికి, "అటువంటి బండి లేదండీ" అన్నాడు. బండేమో నా షెడ్డులో ఉంది. దాని పాత సీలు నా అరచేతిలో ఉంది. అయినా అది లేనట్టే.

తరువాత స్టూడెబేకర్ విడిభాగాలు సేకరించి అమ్మే ఒకాయన దగ్గర పాత స్టాకు సీలు దొరికింది. డబ్బా విప్పని సరుకు. అచ్చంగా కంపెనీ సీలు దొరికిందని పొంగిపోయాను. తీరా విప్పి చూస్తే దాని పెదవి రబ్బరు కాదు, తోలు. దశాబ్దాల పాటు డబ్బాలో పడి ఉండి పాత చెప్పు అట్టలా బిగుసుకుపోయింది. తోలు సీలును బిగించే ముందు నూనెలో నానబెట్టాలి. రాత్రంతా నానబెట్టాను. పొద్దున వేలితో మెల్లగా వంచితే పెదవి చుట్టూ సన్నటి బీటలు. పాత స్టాకు అన్నంత మాత్రాన కొత్త సరుకు కాదని ఆ రోజు తెలిసింది. వాడకపోయినా కాలం తన పని తాను చేసుకుపోతుంది.

చివరికి బేరింగులు, బెల్టులు అమ్మే ఒక దుకాణం చేరాను. కర్మాగారాలకు సరుకు అందించే చోటు. అక్కడున్న పెద్దాయన నా పాత సీలును చేతిలోకి తీసుకుని ఒకసారి తిప్పి చూశాడు. నేను అలవాటు చొప్పున "పందొమ్మిది వందల యాభై, స్టూడెబేకర్..." అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపి, "పేరు అక్కర్లేదు, కొలత చెప్పండి" అన్నాడు.

మూడు కొలతలు. ఇరుసు మందం, సీలు కూర్చునే గుంట వ్యాసం, సీలు వెడల్పు. ఆపైన మూడు ప్రశ్నలు. ఆపవలసింది ఏ ద్రవం, ఎంత వేడి, ఎంత వేగం? ఆయన దగ్గర ఉన్న లావుపాటి కేటలాగు వాహనాల పేర్ల ప్రకారం లేదు, ఇరుసు మందం ప్రకారం ఉంది. ఐదు నిమిషాల్లో నైట్రైల్ రబ్బరు సీళ్లు బల్ల మీద పెట్టాడు. అన్నీ కలిపి ఒక పూట భోజనం ఖర్చు కూడా కాలేదు. అంతటితో వదల్లేదు. నేను తీసుకుపోయిన ఫ్లాంజి మెడ మీద బొటనవేలి గోరు ఆనించి, "ఇక్కడ గాడి పడింది. కొత్త సీలు వేసినా వారంలో మళ్లీ కారుతుంది. ముందు దీనికి తొడుగు వేయండి" అని పలుచటి ఉక్కు తొడుగు ఒకటి చూపించాడు. నేను కొలతపరికరంతో మూడుసార్లు కొలిచి పట్టుకోలేకపోయిన లోపం ఆయన గోటికి తెలిసింది.

ఈ ఇద్దరి మధ్య తేడా నన్ను చాలా రోజులు వెంటాడింది. కుర్రవాడు చెడ్డవాడేమీ కాదు. అతనికి ఇచ్చిన యంత్రం పేరు మాత్రమే అడుగుతుంది. పేరు జాబితాలో లేకపోతే వస్తువే లేదంటుంది. పెద్దాయన చేతిలోని విద్య వస్తువును వస్తువుగా చూస్తుంది.

మన సమాజం ఈ రెండిటిలో ఏ దుకాణం వంటిదో విజ్ఞులు ఆలోచించండి. మనిషి ఎదురుపడగానే మనం అడిగేవి ఏమిటి? ఎవరి అబ్బాయి? ఏ ఊరు? ఏ కాలేజీ? ఏ కంపెనీ? అడగకుండానే ఇంటిపేరును బట్టి లెక్కగట్టుకునేది ఒకటుంది, అది మనందరికీ తెలుసు. ఇన్ని పేర్లు అడుగుతాం గానీ నీకు ఏ పని వచ్చు, ఎంత బాగా వచ్చు అని అడగం. అది కొలత. కొలత అడిగితే మనలో చాలామంది దొరికిపోతాం.

నేనూ దొరికిపోయినవాణ్ణే. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను, విజయవాడలో, ఆటోనగర్‌కు కూతవేటు దూరంలో. నాలుగేళ్లలో ఎపిసైక్లిక్ గేర్ల మీద ఎన్ని లెక్కలు చేశానో! సూర్య గేరును స్థిరంగా ఉంచితే కంకణం వేగమెంత అన్న ప్రశ్నకు నాకు నూటికి నూరు మార్కులు. ఒక్క గేర్‌బాక్సు మూత తీసి చూడలేదు. ఆ గోడకు అవతల వందలాది మంది పొద్దుట్నుంచి రాత్రి దాకా లారీ గేర్‌బాక్సులు విప్పి బిగిస్తూనే ఉన్నారు. సీళ్లు అక్కడి దుకాణాల్లో తీగెలకు గుచ్చి కొలతల వారీగా వేలాడుతూనే ఉన్నాయి. మా కళాశాల మమ్మల్ని ఒక్కపూట అక్కడికి తీసుకుపోలేదు. వాళ్లలో ఒక్కరిని మా తరగతికి పిలవలేదు. మేమూ అడగలేదు. అడగాలని తట్టనే లేదు. ఇది మరపు అని నేననుకోను. చేతితో చేసే పని చదువుకు అంటుకుంటే చదువు మైలపడుతుందన్న నమ్మకం అది.

మైల అన్న మాట ఊరికే వాడలేదు. ఆ తోలు సీలును నూనెలోంచి తీసి పట్టుకున్నప్పుడు వచ్చిన వాసన నన్ను ఎక్కడికో తీసుకుపోయింది. ఒంగోలుకు పడమట మెట్ట ప్రాంతంలో మా పల్లె. మా తాత పొలంలో కపిల బావి. 1974 ప్రాంతంలో, నాకు ఆరేళ్లప్పుడు, అది ఇంకా పనిచేసేది. ఎద్దులు వాలులో కిందికి నడుస్తుంటే మోకు లాగి, తోలు తొండం గుండా నీళ్లు కాలువలోకి దూకేవి. ఆ తొండం చిరిగితే బాగుచేయడానికి మాదిగపల్లె నుంచి ఒక వృద్ధుడు వచ్చేవాడు. తోలును తానే పదును చేసేవాడు, తానే కోసేవాడు, తానే కుట్టేవాడు. అంత నీటి బరువు మీద పడినా ఆయన కుట్టులోంచి చుక్క కారేది కాదు. ఎండలో ఎండుతూ నీళ్లలో నానుతూ కదిలే చోట ద్రవాన్ని ఆపడం ఎంత కష్టమో ఈ రోజు నాకు తెలుసు. ఆయన చేసినది సీలింగు శాస్త్రం. ఆయనకు ఇంటి ముంగిట్లోకి ప్రవేశం లేదు. కూలి గింజలు దూరం నుంచి కొంగులో పోసేవారు. ఆరేళ్ల నేను ఆయన్ను "ఒరే" అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను "అయ్యా" అనేవాడు.

ఇప్పుడు ఈ సంగతి వినండి. జర్మనీలో వైన్‌హైం పట్టణపు ఫ్రాయిడెన్‌బెర్గ్ సంస్థ 1849లో తోళ్లు పదును చేసే పనితో మొదలై, 1929లో తోలు సీళ్ల తయారీకి దిగింది. నేటికీ సీళ్లలో పెద్దపేరు వారిది. అమెరికాలో షికాగో రాహైడ్ అన్న సంస్థ 1878లో తోలు పనితోనే పుట్టి సీళ్ల తయారీలో మేటి అయింది. 1990లో దాన్ని ఎస్‌కేఎఫ్ కొనుక్కుంది. తోలు తెలిసినవాళ్లే అక్కడ యంత్రయుగానికి సీళ్లు ఇచ్చారు. మన దేశంలో తోలు తెలిసినవాళ్లను ఊరి బయట ఉంచాం. వాళ్ల విద్యకు బడి లేదు, పుస్తకం లేదు, పెట్టుబడి లేదు, చివరికి గౌరవవాచకం కూడా లేదు. ఆ తరువాత మనకు యంత్రాలు ఎందుకు చేతకాలేదని సభలు పెట్టి ఉపన్యాసాలు ఇచ్చుకుంటున్నాం.

ఇక బిగింపు సంగతి. నేను చేతకాని ఇంజనీరునని చెప్పాను కదా, దానికి సాక్ష్యం ఇది. ఫ్రీవీలులో పన్నెండు రోలర్లుంటాయి. వాటిని చిక్కటి గ్రీజుతో వాటి గూళ్లలో అంటించి, అన్నీ నిలిచి ఉండగా బయటి భాగంలోకి జొనపాలి. మొదటిసారి మూడు జారిపడ్డాయి. రెండోసారి అన్నీ పడ్డాయి. నాలుగోసారికి నిలిచాయి. ఆయిల్ సీలును స్ప్రింగు ఉన్న ముఖం నూనె వైపుకు ఉండేట్టు పెట్టి, దాని చుట్టుకొలతకు సరిపోయే గొట్టం ముక్క ఆనించి, ఒరగకుండా మెల్లగా కొట్టి దింపాలి. పెదవికి ముందుగానే కాస్త నూనె రాయాలి. పొడిగా తిరిగితే మొదటి మైలులోనే కాలిపోతుంది. ఇవన్నీ చేశాను.

సోలినాయిడ్ దగ్గర తప్పు చేశాను. దాని కడ్డీ కొస సగం గుండులా ఉంటుంది. లోపలికి దూర్చి పావు చుట్టు తిప్పితేనే ఆ కొస నాలుక గాడిలో చిక్కుకుంటుంది. తిప్పకుండా బిగిస్తే కడ్డీ నాలుకను ముందుకు తోయగలదు గానీ వెనక్కి లాగలేదు. ఓవర్‌డ్రైవ్ పడుతుంది, మళ్లీ వదలదు. ఆ స్థితిలో బండిని వెనక్కి నడిపితే లోపల పళ్లు విరుగుతాయి. బోల్టులు పెట్టబోతూ ఎందుకో అనుమానం వచ్చి సోలినాయిడ్‌ను పట్టి లాగాను. చేతికి వచ్చేసింది. వారాల శ్రమ ఆ పావు చుట్టు దగ్గర బూడిద అయ్యేది. పరీక్షలో నాకు నూరు మార్కులు తెచ్చిన సూత్రంలో ఆ పావు చుట్టు లేదు. అది చేసినవాడి చేతిలో ఉంటుంది.

నా మీద రాబోయే వాదాలు నాకు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది డబ్బు లెక్క. "మీ గంట విలువెంత? పది డాలర్ల సీలు కోసం నలభై గంటలా?" అయ్యా, నా ఆదివారాన్ని కొంటానని ఎవరూ రాలేదు. ఇదే పెద్దమనిషి రోజుకు మూడు గంటలు సీరియళ్లు చూస్తారు, ఆ గంటలకు ఖరీదు కట్టరు. చేయి నల్లబడినప్పుడే ఈ లెక్క ఎందుకు పుట్టుకొస్తుంది? ఇది అర్థశాస్త్రం వేషం వేసుకున్న పాత అసహ్యం.

రెండోది కాలుష్యం. ఇందులో నిజముంది, ఒప్పుకుంటాను. పొగను శుద్ధిచేసే ఏర్పాటు లేని, సీటు బెల్టు లేని, ఆరు వోల్టుల గుడ్డిదీపాల బండి అది. అందరూ పాత బండ్లే నడపాలని నేననడం లేదు. నేనూ ఏడాదికి కొద్ది వందల మైళ్లే తిప్పుతాను. నేను కాపాడదలచింది ట్రక్కును కాదు, విప్పి చూసి బాగుచేసుకోగల అవకాశాన్ని. ఈనాటి యంత్రాలను కంపెనీలు తాళం వేసి అమ్ముతున్నాయి. దీని మీద ప్రజలే పోరాడుతున్నారు. వాహన మరమ్మతు హక్కుకు మసాచుసెట్స్ ఓటర్లు 2012లోనూ మళ్లీ 2020లోనూ మద్దతు పలికారు. కొలరాడో 2023లో రైతుల యంత్రాలకు అటువంటి చట్టం చేసింది. భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. మంచిదే. అయితే హక్కు వచ్చి ఏం లాభం, మరమ్మతు చేసేవాడి పట్ల మర్యాద లేనప్పుడు?

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరమైనది. "ఎవరి పని వాళ్లు చేసుకోవాలండీ. అందరూ అన్నీ చేస్తే ఎలా?" వినడానికి ఎంత ఇంపుగా ఉందో చూడండి. నైపుణ్యం కొద్దీ పని పంచుకోవడానికి నేను విరోధిని కాను, బేరింగుల దుకాణం పెద్దాయన లేకపోతే నేను లేను. కానీ మన నోట ఈ మాటకు అర్థం వేరు. "చేసేవాళ్లకు పడేస్తే పోలా" అన్నప్పుడు ఆ 'వాళ్లు' ఎవరో చెప్పేవాడికీ వినేవాడికీ తెలుసు. పని విభజన పేరిట కులాన్ని సమర్థించే వాదాన్ని అంబేడ్కర్ 1936లోనే కులనిర్మూలన గ్రంథంలో చీల్చి చెండాడారు. తొంభై ఏళ్లు కావస్తోంది. సముద్రాలు దాటి వచ్చి, వేడివేడి పులిహోర పళ్లెం చేతబట్టుకుని, మనం అదే వాదాన్ని మళ్లీ వల్లిస్తున్నాం.

నేను కోరేది గొప్ప విప్లవమేమీ కాదు. మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకునే ప్రతి పిల్లా పిల్లవాడూ ఒక గేర్‌బాక్సును సొంత చేతులతో విప్పి, బిగించి, నడిపి చూపించాలి. నేర్పేది ఆటోనగర్ వంటి చోట్ల ఆ పని చేస్తున్నవాళ్లే కావాలి. ఆచార్యులకిచ్చే గౌరవ వేతనమే వాళ్లకూ ఇవ్వాలి, అదే బల్ల ముందు కుర్చీ వేయాలి. ఈలోగా మనలో ఎవరైనా సెలవులకు ఊరికి పోయి కారు బాగుచేయించుకున్నప్పుడు, బండి కింద పడుకున్న మనిషిని "మీరు" అనండి. దానికి పట్టా అక్కర్లేదు.

ట్రక్కు ఇప్పుడు నడుస్తోంది. ముప్పై దాటాక కాలెత్తితే లోపల చిన్న శబ్దం, ఆ వెంటనే ఇంజను గొంతు తగ్గి సాఫీగా పోతుంది. అట్టముక్క మీద ఒకే ఒక్క చుక్క, అది డ్రెయిన్ బోల్టుది. వచ్చే ఆదివారం దాని పని చూడాలి.

ఆ బీటలువారిన తోలు సీలును పారేయలేదు, నా బల్ల మీద ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ వృద్ధుడి పేరు గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నిస్తాను. రాదు. మరచిపోయానేమోనని ఊళ్లో ఉన్న మా చిన్నాన్నకు ఫోను చేసి అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "పేరేముందిరా, తొండం కుట్టేవాడనే పిలిచేవాళ్లం" అన్నాడు.